అమెరికా బాలకార్మికుల చరిత్రను పదీ పద్నాలుగేళ్ల పిల్లలకు తెలుగులో ఎలా చెప్పాలి?

నల్లబల్ల (తెనాలి)

సభ్యులందరికీ నమస్కారం. పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లల కోసం అమెరికా సామాజిక చరిత్ర మీద ఒక చిన్న పుస్తకం రాయడం మొదలుపెట్టాను. మన బడి పుస్తకాల్లో అమెరికా అంటే స్వాతంత్ర్య ప్రకటన, వాషింగ్టన్, లింకన్, అంతర్యుద్ధం, ఆ వెంటనే ప్రపంచ యుద్ధాలు. ఆ మధ్య కాలంలో మామూలు కుటుంబాలు ఎలా బతికాయో, పిల్లలు బడికి వెళ్లారో పనికి వెళ్లారో చెప్పే పేజీ ఒక్కటి కూడా నాకు కనబడలేదు. అందుకే అధ్యక్షుల జాబితాను పక్కన పెట్టి, పని చేసిన పిల్లల జీవితాల మీదుగా ఆ దేశ చరిత్రను చెప్పాలని నిర్ణయించుకున్నాను.

మొదలుపెట్టడానికి స్పష్టమైన చోటు ఉంది. రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని పాటకెట్ పట్టణంలో 1790లో శామ్యూల్ స్లేటర్ నీటి శక్తితో నడిచే నూలు మిల్లును ప్రారంభించినప్పుడు, అందులో మొదట చేరిన పనివాళ్లు ఏడు నుంచి పన్నెండేళ్ల వయసున్న తొమ్మిది మంది పిల్లలు. అంటే ఆ దేశంలో యంత్ర పరిశ్రమ పిల్లల చేతుల మీదుగానే మొదలైంది. 1900 జనాభా లెక్కల నాటికి పది నుంచి పదిహేనేళ్ల మధ్య వయసులో పని చేస్తున్న పిల్లలు పదిహేడున్నర లక్షల మంది ఉన్నారు.

నాకు తెగని సమస్య ఒకటే. ఈ కథ చదివిన పిల్లవాడు "అయ్యో పాపం" అని పుస్తకం మూసేస్తే నా శ్రమ వృథా అయినట్టే. ఆ పిల్లలు తనలాగే ఆలోచించేవాళ్లని, కోపం వచ్చేవాళ్లని, తెలివిగా లెక్కలు వేసుకునేవాళ్లని అతనికి తెలియాలి. ఎవరి కథలు తీసుకోవాలో, వాటిని ఏ వరుసలో చెప్పాలో మీ సలహాలు కోరుతున్నాను.

చరిత్రప్రియ (హనుమకొండ)

నల్లబల్ల గారూ, మీరు కోరుతున్న లక్షణాలన్నీ ఉన్న ఒక అమ్మాయి పేరు చెబుతాను. హారియట్ హాన్సన్. 1825లో పుట్టింది. తండ్రి చనిపోయాక తల్లి పిల్లలను వెంటబెట్టుకుని మసాచుసెట్స్‌లోని లోవెల్ పట్టణానికి వచ్చి, మిల్లు కంపెనీ వాళ్ల వసతి గృహం ఒకటి నడుపుతూ అక్కడ పనిచేసే యువతులకు వంట చేసి పెట్టేది. హారియట్ పదేళ్ల వయసులో మిల్లులో చేరింది. వడికే యంత్రాల మీద నిండిన కండెలను తీసి ఖాళీ కండెలు పెట్టడం ఆమె పని. గంటలో పావుగంట మాత్రమే ఈ పని ఉండేది. మిగతా సమయంలో పిల్లలు ఆడుకునేవారు, చదువుకునేవారు. కానీ తెల్లవారుజామున అయిదు గంటల నుంచి రాత్రి ఏడింటి వరకు మిల్లులోనే ఉండాలి. వారానికి రెండు డాలర్ల జీతం.

1836లో కంపెనీ వాళ్లు వసతి ఖర్చు పెంచారు. చేతికందే జీతం ఆ మేరకు తగ్గిపోతుంది కాబట్టి యువతులు సమ్మె చేయాలనుకున్నారు. హారియట్ పనిచేసే గదిలోని పెద్దమ్మాయిలు మాత్రం వెళ్దామా, మానుదామా అని తర్జనభర్జన పడుతుండగా, పదకొండేళ్ల హారియట్ ముందుకు వచ్చి, మీరు ఏం చేసినా సరే, ఎవరు వచ్చినా రాకపోయినా నేను మాత్రం బయటికి వెళ్తున్నానని చెప్పి నడిచింది. వెనుదిరిగి చూస్తే గది మొత్తం ఆమె వెంట వస్తోంది. పెద్దయ్యాక ఆమె ఈ సంగతిని స్వయంగా రాసింది. మహిళలకు ఓటు హక్కు కోసం పనిచేసిన వారిలో కూడా ఆమె ఉంది.

ఈ కథలో రెండో సగాన్ని వదలకండి. ఆ సమ్మె వల్ల ఫలితం ఏమీ రాలేదని ఆమే రాసింది. పెద్ద పిల్లలను నువ్వు ఆపలేకపోయి ఉండవచ్చు గాని నీ కూతురు చిన్నపిల్ల, దాన్ని అదుపులో పెట్టి ఉండవలసిందని చెప్పి, కంపెనీ ప్రతినిధి హారియట్ తల్లిని వసతి గృహం పని నుంచి తీసేశాడు. బిడ్డ ధైర్యానికి తల్లి మూల్యం చెల్లించింది. పన్నెండేళ్ల పాఠకుడికి ఇది బరువైన సంగతే అయినా, ఆ వయసు పిల్లలు ఇలాంటి ప్రశ్నను చక్కగా పట్టుకుంటారని తరగతి గదిలో నేను ఎన్నోసార్లు చూశాను. హారియట్ చేసింది సరైన పనేనా అని అడిగి వదిలేయండి. జవాబు మీరు చెప్పకండి.

సంచారి (బోస్టన్)

చరిత్రప్రియ గారు చెప్పిన లోవెల్ మా ఊరికి దగ్గర. ఆ మిల్లుల ప్రాంతాన్ని 1978లో జాతీయ చారిత్రక ఉద్యానవనంగా ప్రకటించారు. అక్కడి బూట్ మిల్లు మ్యూజియంలో పాత మరమగ్గాలను ఇప్పటికీ నడిపి చూపిస్తారు. ఆ గదిలోకి వెళ్లే ముందు చెవుల్లో పెట్టుకోవడానికి దూది వంటివి ఇస్తారు, ఎందుకంటే పక్కన నిలబడిన మనిషి మాట కూడా వినబడదు. నేల అదురుతుంది. ఆ కాలంలో ఒక్కో గదిలో మగ్గాలు చాలా ఎక్కువగా ఉండేవి, చెవుల్లో పెట్టుకోవడానికి ఏమీ ఉండేది కాదు, దారం తెగకుండా గాలిలో తేమ ఉండాలని కిటికీలు మూసి ఉంచేవారు. పుస్తకంలో బొమ్మలు ఎన్ని ఉన్నా ఈ శబ్దాన్ని, ఉక్కపోతను మాటల్లో చెప్పే ఒక పేరా తప్పక ఉండాలని నా విన్నపం. అమెరికాలో ఉన్న మన తెలుగు కుటుంబాలు పిల్లలను డిస్నీ లోకానికి తీసుకువెళ్లినట్టే ఇలాంటి చోట్లకు కూడా తీసుకువెళ్లాలి. వాళ్లు పెరుగుతున్న నేల చరిత్ర అది.

పత్తిచేను (ఆదోని)

చర్చ బాగా సాగుతోంది, కాని ఒక ముఖ్యమైన సంగతి ఇంతవరకు రాలేదు. లోవెల్ మిల్లులకు పత్తి ఎక్కడి నుంచి వచ్చింది? దక్షిణాది రాష్ట్రాల్లో బానిసలుగా బతికిన నల్లజాతి మనుషులు, వారి పిల్లలు ఏరిన పత్తి అది. అదే లోవెల్ మిల్లుల్లో నేసిన ముతక గుడ్డ తిరిగి దక్షిణాదికి వెళ్లి, ఆ బానిసల ఒంటి మీదికే బట్టగా చేరేది. హారియట్ చేతిలోని కండెకు, మిసిసిపీ పొలంలో పత్తి ఏరుతున్న పిల్లవాడికి మధ్య నూలుపోగు నిజంగానే ఉంది. దాన్ని తెంచి ఒక కొసను మాత్రమే చూపిస్తే చరిత్ర సగమే చెప్పినట్టవుతుంది. హారియట్ అలసిపోయేది గాని, ఆమె తన జీతం తాను తెచ్చుకోగలిగింది, పని మానేసి బయటికి నడవగలిగింది. బానిస పిల్లవాడికి జీతం లేదు, బడి లేదు, తల్లి దగ్గరే ఉంటానన్న భరోసా కూడా లేదు. ఎప్పుడు ఎవరికి అమ్మేస్తారో తెలియదు.

ఈ భాగానికి ఫ్రెడరిక్ డగ్లస్ బాల్యం కన్నా మంచి కథ నాకు తెలియదు. 1818 ప్రాంతంలో మేరీలాండ్‌లో బానిసగా పుట్టాడు. తన పుట్టినరోజు ఏనాడో తనకు తెలియదు. బాల్టిమోర్‌లో యజమానురాలు అతనికి అక్షరాలు నేర్పడం మొదలుపెడితే, చదువు వస్తే బానిసగా పనికిరాడని ఆమె భర్త ఆపించాడు. ఆ మాట వినగానే, స్వేచ్ఛకు దారి ఎటు ఉందో ఆ పిల్లవాడికి అర్థమైపోయింది. ఇంట్లో అందుబాటులో ఉన్న రొట్టె ముక్కలను జేబులో వేసుకుని వీధిలోకి వెళ్లి, ఆకలితో ఉన్న పేద తెల్ల పిల్లలకు ఇచ్చి, బదులుగా వాళ్ల దగ్గర చదవడం నేర్చుకున్నాడు. రొట్టె లేని పిల్లలూ, అక్షరం లేని పిల్లవాడూ వీధి మూల నిలబడి ఒకరి లోటు ఒకరు తీర్చుకున్న ఈ సన్నివేశం మీ పుస్తకంలో తప్పకుండా ఉండాలి. 1838లో అతను తప్పించుకుని ఉత్తరాదికి చేరాడు. ఆ తర్వాత బానిసత్వం మీద పోరాడిన గొప్ప వక్తల్లో ఒకడయ్యాడు.

పుస్తకాలగూడు (రాజమహేంద్రవరం)

నేను పిల్లల గ్రంథాలయం ఒకటి చూసుకుంటాను. మీరంతా చెబుతున్న కథలు ఎంతో బాగున్నాయి, కాని నా ఆందోళన కూడా వినండి. ఈ విషయం మీద వచ్చే పుస్తకాల్లో సాధారణంగా మసిబారిన ముఖాలతో ఉన్న గని పిల్లల ఛాయాచిత్రాలు వేస్తారు. మా దగ్గరికి వచ్చే తొమ్మిదేళ్ల పాప ఒకతె అలాంటి బొమ్మను చూసి, వీళ్లంతా ఇప్పుడు చచ్చిపోయారా అని అడిగి, ఆ పుస్తకాన్ని మళ్లీ ముట్టుకోలేదు. బొమ్మలు వేయవద్దని నేను అనడం లేదు. ఏ బొమ్మ వేయాలి, దాని కింద ఏం రాయాలి అన్నది ఎవరైనా తెలిసినవారు చెబితే నల్లబల్ల గారికే కాదు, నాకూ ఉపయోగపడుతుంది.

కెమెరాకన్ను (విశాఖపట్నం)

పుస్తకాలగూడు గారూ, ఆ ఛాయాచిత్రాల్లో చాలావాటిని తీసింది ఒక్క మనిషే, అతని పేరు లూయిస్ హైన్. అతని గురించి చెబితే మీ ప్రశ్నకు జవాబు అతని పనిలోనే దొరుకుతుందని నా నమ్మకం.

హైన్ 1874లో విస్కాన్సిన్ రాష్ట్రంలో పుట్టాడు. తండ్రి పోయాక చిన్న వయసులోనే ఫర్నిచర్ కర్మాగారంలో ఎక్కువ గంటలు పనిచేశాడు కాబట్టి, తాను ఏం ఫొటో తీస్తున్నాడో అతనికి ఒంటి మీద అనుభవంగా తెలుసు. తర్వాత న్యూయార్క్‌లో బడిపంతులయ్యాడు. 1904లో ఏర్పడిన జాతీయ బాలకార్మిక సంఘం 1908లో అతన్ని పనిలోకి తీసుకుంది. అక్కడి నుంచి దాదాపు పదేళ్ల పాటు నూలు మిల్లులు, బొగ్గు గనులు, గాజు కర్మాగారాలు, చేపలను డబ్బాల్లో నింపే షెడ్లు, పొలాలు తిరిగి ఫొటోలు తీశాడు. ఆ సంఘానికి చెందిన అయిదు వేలకు పైగా చిత్రాలు ఇప్పుడు అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయంలో ఉన్నాయి. యజమానులు కెమెరాను లోపలికి రానిచ్చేవారు కాదు. అందుకని బైబిళ్లు అమ్మేవాడిననో, పోస్టుకార్డులు అమ్మేవాడిననో, యంత్రాల ఫొటోలు తీసుకోవడానికి వచ్చాననో చెప్పి లోపలికి వెళ్లేవాడు. పిల్లల ఎత్తు కొలవడానికి తన కోటు గుండీలు నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో ముందే గుర్తుపెట్టుకుని, పిల్లవాడి తల ఏ గుండీ దగ్గరికి వస్తోందో చూసుకునేవాడు. జేబులో చెయ్యి పెట్టుకుని, ఎవరికీ కనబడకుండా చిన్న కాగితం మీద వివరాలు రాసుకునేవాడు.

అతను ముఖాలతో ఆగిపోలేదు. ప్రతి చిత్రం కింద వయసు, ఎత్తు, జీతం, పని గంటలు, పిల్లలు అన్న మాటలు రాశాడు. 1908 డిసెంబరులో నార్త్ కరోలినాలోని విట్నెల్ అనే ఊరి నూలు మిల్లులో ఒక పాప ఫొటో తీశాడు. ఆమె ఎత్తు 51 అంగుళాలు. మిల్లులో చేరి ఏడాది అయింది, కొన్నిసార్లు రాత్రి పని కూడా చేస్తుంది, రోజుకు 48 సెంట్లు వస్తాయి. వయసెంత అని అడిగితే కాసేపు తటపటాయించి, గుర్తులేదు అంది. ఆ తర్వాత గుట్టుగా, పని చేయడానికి నా వయసు చాలదు గాని నేను చేస్తూనే ఉన్నాను అంది. ఈ పాప మనం జాలిపడి వదిలేసే మనిషి కాదు. తన చుట్టూ పెద్దవాళ్లు చెబుతున్న అబద్ధాన్ని ఆమె ఎరిగి, ఎవరికి చెప్పాలో వారికి చెప్పింది. ఇలాంటి చిత్రాన్ని వేసి, ఈ మాటలను కింద అచ్చు వేస్తే మీ తొమ్మిదేళ్ల పాప పుస్తకం మూసేయదనుకుంటాను. నల్లబల్ల గారు ఒక కొలటేపు తీసుకుని 51 అంగుళాలు గోడ మీద గుర్తు పెట్టి చూడండని పాఠకులకు చెబితే ఇంకా మంచిది.

బొగ్గు పిల్లల చిత్రాలను కూడా వదలవద్దు. హైన్ 1911 జనవరిలో పెన్సిల్వేనియాలోని సౌత్ పిట్స్‌టన్‌లో తీసినవి ప్రసిద్ధమైనవి. గని నుంచి వచ్చిన బొగ్గును పగలగొట్టి వాలుగా ఉన్న తొట్లలోంచి కిందికి వదులుతారు. పిల్లలు ఆ తొట్ల మీద అడ్డంగా వేసిన చెక్కల మీద వంగి కూర్చుని, కాళ్ల కింద పారుతున్న బొగ్గులోంచి పలకరాళ్లను చేత్తో ఏరి పారేయాలి. తొడుగులు వేసుకుంటే రాయికీ బొగ్గుకూ తేడా వేళ్లకు తెలియదని వాటిని వేసుకోనిచ్చేవారు కాదు. కొత్తగా చేరిన పిల్లల వేళ్లు వాచి, చిట్లి, నెత్తురు కారేవి. దుమ్ము ఎంత దట్టంగా ఉండేదంటే అప్పుడప్పుడు చూపే ఆనేది కాదని, పిల్లలను అదిలించడానికి ఒక మనిషి వెనక నిలబడి పొడుస్తూ తన్నుతూ ఉండేవాడని హైన్ రాశాడు. అక్కడ చట్టం ప్రకారం వయసు పరిమితి అప్పటికే ఉంది. కాని జనన ధ్రువపత్రాలు లేని రోజుల్లో తండ్రి చెప్పిందే వయసు.

హైన్ 1940లో, ఇల్లు కూడా చేజారిపోయి, పేదరికంలో చనిపోయాడు. ఇది చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేనైతే చెబుతాను.

నల్లబల్ల (తెనాలి)

కెమెరాకన్ను గారికి ప్రత్యేక కృతజ్ఞతలు. విట్నెల్ పాప నా పుస్తకం అట్ట మీదికి వచ్చేసినట్టే. పత్తిచేను గారి సూచన కూడా శిరోధార్యం, లోవెల్, డగ్లస్ కథలను ఒకే అధ్యాయంలో పక్కపక్కనే చెబుతాను. హారియట్ సమ్మె వల్ల ఫలితం రాలేదన్నారు కదా, పిల్లలు కొంతైనా గెలిచిన సందర్భం ఏదైనా ఉందా? కల్పన చేర్చకుండా చెప్పగలిగినదై ఉండాలి.

మనబడి టీచరు (న్యూజెర్సీ)

ఉంది. మా ఆదివారం తెలుగు తరగతిలో నేను చెప్పే కథ అదే, ఎందుకంటే అది జరిగిన వీధులు మా పిల్లలకు తెలుసు. 1899లో న్యూయార్క్‌లో పేపర్లు అమ్మే పిల్లలు చేసిన సమ్మె అది. దీన్ని లెక్కల పాఠంలా చెప్పండి. పిల్లలు వంద పేపర్ల కట్టను 50 సెంట్లకు కొని, ఒక్కోటి ఒక సెంటుకు అమ్ముకునేవారు. అన్నీ అమ్ముడుపోతే 50 సెంట్లు మిగులుతాయి. 1898లో స్పెయిన్‌తో యుద్ధం వచ్చినప్పుడు పేపర్లకు గిరాకీ పెరిగిందని కట్ట ధరను 60 సెంట్లు చేశారు. యుద్ధం ముగిశాక చాలా పత్రికలు పాత ధరకు వచ్చేశాయి గాని, పులిట్జర్ గారి వరల్డ్, హర్స్ట్ గారి జర్నల్ మాత్రం రాలేదు. పైగా అమ్ముడుపోని పేపర్లను వెనక్కి తీసుకునేవారు కాదు. వానపడి ఇరవై పేపర్లు మిగిలిపోతే పిల్లవాడికి చివరికి ఎంత మిగిలిందో లెక్క వేయమంటే మా తరగతిలో పిల్లలు వేలు మడిచి ఇరవై సెంట్లని చెప్పి, వెంటనే కోపం తెచ్చుకుంటారు. ఆ కోపమే ఈ పాఠానికి ప్రాణం.

1899 జులైలో పిల్లలు ఆ రెండు పత్రికలను అమ్మబోమన్నారు. ఒక కన్ను కనబడని కిడ్ బ్లింక్ అనే కుర్రవాడు వాళ్ల నాయకుల్లో ఒకడు. ఇర్వింగ్ హాల్‌లో జరిగిన సభకు వేల మంది పిల్లలు వచ్చారు. వరల్డ్ పత్రిక అమ్మకాలు రోజుకు మూడు లక్షల అరవై వేల నుంచి లక్షా పాతిక వేలకు పడిపోయాయి. రెండు వారాలకు రాజీ కుదిరింది. కట్ట ధర 60 సెంట్లే ఉంది, కాని మిగిలిపోయిన పేపర్లను పత్రికలు వెనక్కి తీసుకోవడానికి ఒప్పుకున్నాయి. పూర్తి విజయమని రాయకండి, పిల్లలు కోరినదాంట్లో ఒకటి దక్కింది, ఒకటి దక్కలేదు. వానపడ్డ రోజు నష్టం మాత్రం ఇక వాళ్ల నెత్తిన పడలేదు. సమ్మె రోజుల్లో పేపర్లు అమ్మబోయిన తోటి పిల్లలను సమ్మెకారులు కొట్టి కట్టలు చింపేశారన్నది కూడా నిజమే, దాన్ని దాచకండి.

దీని పక్కనే 1903లో మదర్ జోన్స్ నడిపించిన పిల్లల పాదయాత్రను పెట్టవచ్చు. ఆమె అసలు పేరు మేరీ హారిస్ జోన్స్. ఐర్లండ్‌లో పుట్టింది. 1867లో మెంఫిస్‌లో వచ్చిన పచ్చజ్వరానికి భర్తను, నలుగురు బిడ్డలను పోగొట్టుకుంది. ఫిలడెల్ఫియాలో నూలు మిల్లుల పనివాళ్లు వారానికి 60 గంటల పనిని 55కు తగ్గించమని సమ్మె చేస్తున్నప్పుడు, సమ్మెలో ఉన్న వేలాది పిల్లల్లో చాలామందికి వేళ్లు తెగిపోయి ఉండటం ఆమె చూసింది. పత్రికలు ఈ సంగతి ఎందుకు రాయవని అడిగితే, మిల్లు యజమానులకు పత్రికల్లో వాటాలున్నాయన్నారు. నాకు ఈ పిల్లల్లో వాటా ఉంది, ప్రచారం సంగతి నేను చూసుకుంటానని ఆమె జవాబిచ్చింది. జులై 7న బయల్దేరి, ఊరూరా సభలు పెడుతూ, అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ వేసవి విడిది ఉన్న ఆయిస్టర్ బే వరకు వెళ్లారు. ఎండకు తాళలేక చాలామంది పిల్లలు మధ్యలోనే ఇళ్లకు వెళ్లిపోయారు. అధ్యక్షుడు వాళ్లను కలవలేదు. కాని అప్పటివరకు ఎవరూ రాయని సంగతి దేశమంతా పత్రికలకెక్కింది.

షార్లెట్ నివాసి (నార్త్ కరోలినా)

నేను ఉంటున్న ఊరికి సంబంధించిన కథ ఒకటి చెప్పాలి, ఎందుకంటే చట్టాల గురించి పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా తేలికైన దారి నాకు కనబడలేదు.

1916లో అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. 14 ఏళ్ల లోపు పిల్లలు పనిచేసిన కర్మాగారాల సరుకును ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి పంపకూడదని, 14 నుంచి 16 ఏళ్ల పిల్లల చేత రోజుకు ఎనిమిది గంటలకు మించి పని చేయించకూడదని ఆ చట్టం చెప్పింది. షార్లెట్‌లోని ఒక నూలు మిల్లులో రోలండ్ డాగెన్‌హార్ట్ అనే కార్మికుడూ, అతని ఇద్దరు కొడుకులు రూబెన్, జాన్ పనిచేసేవారు. ఈ చట్టం వస్తే కొడుకుల సంపాదన పోతుందని తండ్రి పేరుతో కోర్టులో దావా వేశారు. ఆ దావా వెనక ఉన్నది, ఖర్చు భరించినది మిల్లు యజమానులు. 1918 జూన్‌లో సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా చీలి, ఆ చట్టం రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేసింది. అంతర్రాష్ట్ర వాణిజ్యాన్ని అదుపు చేసే అధికారం కాంగ్రెస్‌కు ఉన్నా, సరుకు తయారీ రాష్ట్రాల పరిధిలోనిదన్నది కోర్టు వాదన. జస్టిస్ హోమ్స్ దీనితో గట్టిగా విభేదించాడు. ఆ తర్వాత పన్ను వేసి ఆపుదామని చేసిన మరో చట్టాన్ని కూడా 1922లో కోర్టు కొట్టేసింది. 1924లో రాజ్యాంగ సవరణ ప్రతిపాదించారు, దాన్ని ఆమోదించిన రాష్ట్రాలు 28కి మించలేదు.

పిల్లలకు గుర్తుండేది మాత్రం దీని తర్వాతి సంగతి. 1923లో ఒక విలేఖరి రూబెన్‌ను వెతుక్కుంటూ వెళ్లాడు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు. బరువు 105 పౌండ్లు, అంటే దాదాపు 48 కిలోలు. మిల్లులో గడిపిన సంవత్సరాలు తన ఎదుగుదలను కుంగదీశాయని, తనకు చదువు లేకుండా చేశాయని రూబెన్ అన్నాడు. కోర్టులో గెలిచినందుకు నీకు ఏం దక్కిందని అడిగితే, కారులో తిప్పారని, కోకాకోలా ఇప్పించారని చెప్పాడు. తన చెల్లెలిని మాత్రం మిల్లులో పెట్టనివ్వనన్నాడు. కోర్టు తీర్పు రూబెన్ కుటుంబం పేరు మీదే వచ్చింది, రూబెన్ తన ఒంటిని చూపించి దానికి జవాబిచ్చాడు. నల్లబల్ల గారూ, చట్టం అధ్యాయంలో న్యాయమూర్తుల పేర్లు తక్కువగా, రూబెన్ మాటలు ఎక్కువగా ఉండేలా చూడండి.

1938 జూన్‌లో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ సంతకం చేసిన కార్మిక ప్రమాణాల చట్టంతో సాధారణ పనులకు 16 ఏళ్లు, ప్రమాదకరమైన పనులకు 18 ఏళ్లు కనీస వయసుగా నిర్ణయమయ్యాయి. 1941లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని ఏకగ్రీవంగా సమర్థించి, 1918 నాటి తీర్పును తోసిపుచ్చింది.

బడిబాట (వికారాబాద్)

రోలండ్ గురించి ఒక మాట. అతన్ని దుర్మార్గుడైన తండ్రిగా చూపించవద్దు. అతని జీతంతో ఇల్లు గడవలేదు, పిల్లలకు చౌకగా జీతం ఇవ్వగలిగినంత కాలం మిల్లు పెద్దవాళ్లకు ఎక్కువ ఇవ్వదు. తండ్రి పేదరికం వల్ల పిల్లలు పనికి వెళ్లారనడం సగం నిజమైతే, పిల్లలు పనికి వెళ్లడం వల్ల తండ్రి పేదరికం తీరలేదన్నది మిగతా సగం. ఈ వాదన మా ప్రాంతంలోనూ గట్టిగా జరిగింది. రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా గారి నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ పనిచేసినప్పుడు, పేదలకు పిల్లల సంపాదన లేకపోతే గడవదన్న మాట అన్ని వైపుల నుంచీ వినబడింది. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్న సూత్రం మీద నిలబడి వాళ్లు పిల్లలను శిబిరాల్లో చదివించి బడుల్లో చేర్చారు. తల్లిదండ్రులు అందుకోసం త్యాగాలు చేయడం నేను కళ్లారా చూశాను. శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. మీ పుస్తకం అమెరికా గురించే కాబట్టి దీన్ని కథలో కలపనక్కరలేదు. కాని మన పిల్లలు చదివేటప్పుడు రోలండ్ ఇంటిని అర్థం చేసుకోగలిగేలా ఉండాలి, అతని మీద తీర్పు చెప్పేలా ఉండకూడదు.

పత్తిచేను (ఆదోని)

బడిబాట గారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. షార్లెట్ నివాసి గారు చెప్పిన 1938 దగ్గర పుస్తకం ఆపేయడం గురించి మాత్రం నాకు అభ్యంతరం ఉంది. 1900 లెక్కల్లోని ఆ పదిహేడున్నర లక్షల మందిలో సగానికి పైగా పొలాల్లో పనిచేసినవాళ్లే. హైన్ తీసిన దక్షిణాది మిల్లుల చిత్రాల్లో పిల్లలు దాదాపు అందరూ తెల్లవాళ్లే కనబడతారు. దానికి కారణం, ఆ మిల్లుల్లో వడకడం, నేయడం వంటి పనులకు నల్లవాళ్లను చేర్చుకోకపోవడం. నల్లజాతి పిల్లలు కౌలు పొలాల్లో పత్తి ఏరారు. పత్తి పని ఉన్నన్నాళ్లు వాళ్ల బడులు మూసి ఉండేవి. నల్లజాతి విద్యావేత్త బుకర్ వాషింగ్టన్ తోడ్పాటుతో జూలియస్ రోజెన్‌వాల్డ్ అనే వ్యాపారి సాయం చేయగా, 1912 నుంచి 1932 వరకు దక్షిణాదిలో దాదాపు అయిదు వేల బడి భవనాలు లేచాయి. ఆ వ్యాపారి సొమ్ముకు తోడు ఊళ్లలోని నల్లజాతి రైతులు తామూ చందాలు వేసుకున్నారు, భూమి ఇచ్చారు, శ్రమ చేశారు. బాల్యంలో ఉప్పు బట్టీలోనూ, బొగ్గు గనిలోనూ పనిచేసిన బుకర్ వాషింగ్టన్ ఈ పనిలో ఉండటం యాదృచ్ఛికం కాదు.

1938 చట్టం కర్మాగారాల పిల్లలకు ఇచ్చినంత రక్షణ పొలాల పిల్లలకు ఇవ్వలేదు. నేటికీ అమెరికా జాతీయ చట్టం ప్రకారం పన్నెండేళ్ల పిల్లవాడు తల్లిదండ్రుల అనుమతితో, బడి వేళలు కాని సమయంలో, పొలంలో కూలికి వెళ్లవచ్చు. అలా వెళ్లేవాళ్లలో వలస కూలీల కుటుంబాల పిల్లలు ఎందరో ఉన్నారు. కాబట్టి చివరి అధ్యాయం 1938 తర్వాత పొలంలో జరగాలి.

పుస్తకాలగూడు (రాజమహేంద్రవరం)

నా సందేహం తీరింది. విట్నెల్ పాప మాటలను మా గ్రంథాలయం గోడ మీద ఆమె ఎత్తు గుర్తుతో సహా పెడతాను. నల్లబల్ల గారూ, చిత్తుప్రతి ఒకటి మాకు పంపితే, శనివారం కథల వేళలో పిల్లలకు చదివి వినిపించి, వాళ్లు ఎక్కడ ఆపి ప్రశ్నలు వేశారో రాసి పంపుతాను.

నల్లబల్ల (తెనాలి)

పేపర్ల పిల్లల అధ్యాయం ముందుగా పంపుతాను, లెక్కలతో సహా. రోజెన్‌వాల్డ్ బడుల అధ్యాయానికి పత్తిచేను గారు, లోవెల్ అధ్యాయానికి చరిత్రప్రియ గారు చిత్తుప్రతి చూసి పెట్టాలని కోరుతున్నాను. పొలం అధ్యాయం చివరన పన్నెండేళ్ల వయసు నియమాన్ని చెప్పి, మీకు ఇప్పుడు ఎన్నేళ్లు అని పాఠకుడిని అడుగుతాను.